ఇసుక మనది, లోహ మెవరిది? - టైటానియము తయారగు విధము

భీమునిపట్టణమునుండి కళింగపట్టణము మీదుగా భావనపాడువరకు సముద్రపుటొడ్డున నడచినవారు తెల్లని యిసుకమీద నల్లని చారలు తీర్చినట్లుండుట చూచియే యుందురు. అల వెనుకకు మరలునపుడు తేలికయైన యిసుకను లాగికొనిపోయి, బరువైన రేణువులను ఒడ్డుననే విడిచిపోవును. ఆ నల్లని రేణువులలో ముఖ్యమైనది ఇల్మెనైటు అను ఖనిజము. ఇనుము, టైటానియము, ఆమ్లజని కలిసి యేర్పడిన పదార్థమిది. మన తీరమున మాత్రమే కాదు, గంజాము జిల్లాలోని ఛత్రపురమునను, తమిళనాట మణవాళక్కురిచ్చి యందును, కేరళమున చవర యందును ఇది మేటలు వేసియున్నది. భూమి పైపొరలోని మూలపదార్థములను వాని పరిమాణమునుబట్టి వరుసగా పేర్చినచో టైటానియము తొమ్మిదవది. ఇంత విరివిగా దొరకు వస్తువునుండి తీసిన లోహపు వెల మాత్రము ఇనుముతోగాని అల్యూమినియముతోగాని పోల్చదగినది కాదు. ఇందుకు కారణము తెలియనిదే, మన తీరపు టిసుకను ఏమి చేయవలెనను చర్చలో పాల్గొనువారు చీకటిలో వాదించుకొనువారే యగుదురు. కావున లోహము తయారగు విధమునే ముందుగా కొంత విస్తరించి చెప్పుచున్నాము.

ఈ పదార్థమును మొదట గుర్తించినవాడు ఇంగ్లాండులోని కార్నువాల్ సీమకు చెందిన విలియం గ్రెగర్ అను మతాచార్యుడు. 1791లో ఆయన ఒక వాగులోని నల్లయిసుకను పరీక్షించి, అందు ఇనుముతోపాటు మరియొక క్రొత్త లోహపు భస్మము కలదని చెప్పెను. 1795లో క్లాప్రోత్ అను జర్మను శాస్త్రజ్ఞుడు రూటైలు అను వేరొక ఖనిజమున దీనినే కనుగొని, గ్రీకుల పురాణములలోని టైటానుల పేరు దీనికి పెట్టెను. పేరు పెట్టినారే కాని లోహమును కన్నులార చూచినవారు లేరు. అటుపిమ్మట నూరేండ్లకు పైగా ఎందరు ప్రయత్నించినను శుద్ధమైన టైటానియము చేతికి చిక్కలేదు. తుదకు 1910లో అమెరికాలో మాథ్యూ హంటర్ అనునాతడు దానిని సంపాదించెను. అదియును ప్రయోగశాలలో కొద్దిపాటి తూకము మాత్రమే.

ఇంతటి ఆలస్యమునకు కారణమేమి? తెలంగాణమున నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఉక్కు సంగతి మన పాఠకులలో పెక్కుమంది ఎరుగుదురు. పారసీక దేశపు వర్తకులు సహితము వచ్చి కొనిపోయిన ఉక్కు అది. అటువంటి పల్లెలలో కమ్మరులు చేసిన పని యేమి? ఇనుపరాతిని కట్టెబొగ్గుతో కలిపి కొలిమిలో పెట్టి తిత్తులూదిరి. రాతిలోని ఆమ్లజనిని బొగ్గు లాగికొనిపోయెను, ఇనుము మిగిలెను. ఈ యుపాయము టైటానియము వద్ద చెల్లదు. ఏలయనగా, ఈ లోహమునకు ఆమ్లజనిమీద గల ఆశ ఇనుమునకు గలదానికంటె మిక్కిలి అధికము. బొగ్గుతో కాల్చి వేడి హెచ్చించినచో ఆమ్లజని పోవుటకు మారుగా టైటానియము బొగ్గుతోనే కలిసిపోయి, గట్టిగా పెళుసుగా నుండు వేరొక పదార్థమగును. గాలిలో కరిగింతమన్నచో అందలి ఆమ్లజనినే కాక నత్రజనిని కూడ పీల్చుకొనును. ఇతర వస్తువులను మండనీయక ఆర్పివేయు నత్రజనిలో సైతము మండగల లోహ మిది! పీల్చుకొనిన ఆమ్లజని స్వల్పమైనను లోహము సాగుగుణము కోల్పోయి సమ్మెటదెబ్బకు పగులును. కావున టైటానియమును తీయుటయన, కరిగించుటకంటె కాపాడుట యెక్కువ పని. ఈ సూక్ష్మము మనస్సున నుంచుకొనినచో తక్కిన కథయంతయు తేటపడును.

మొదటి పని ఇసుకను చెరుగుట. ఒడ్డునుండి త్రవ్వి తెచ్చిన యిసుకను నీటితో కలిపి, మెలికలు తిరిగిన తొట్లగుండ క్రిందికి పారింతురు. బరువైన రేణువులు లోపలి యంచున, తేలిక రేణువులు వెలుపలి యంచున చేరును. మన రైతులు కళ్లమున గాలికి తూర్పారబట్టుటకును దీనికిని సూత్రమున భేదము లేదు. అక్కడ గాలి చేయు పనిని ఇక్కడ నీరు చేయును. ఇట్లు మిగిలిన బరువు రేణువులలో అయిదారు జాతులు కలిసియుండును. వానిని వేరుచేయుటకు అయస్కాంతమును, విద్యుత్తును ఉపయోగింతురు. ఇల్మెనైటు అయస్కాంతమునకు లోబడును, విద్యుత్తును ప్రసరింపజేయును. రూటైలు విద్యుత్తును ప్రసరింపజేయును గాని అయస్కాంతమునకు లోబడదు. జిర్కాను రెంటికిని లోబడదు. ఎర్రని గార్నెటు అయస్కాంతమునకు లోబడియు విద్యుత్తును ప్రసరింపనీయదు. మోనజైటు కూడ దాదాపు అట్టిదే కాని, అందు థోరియము కలదు. అది అణుశక్తికి సంబంధించిన పదార్థము. తీరపు టిసుక వ్యవహారమున ప్రభుత్వమువారి ఆంక్షలు ఇంత కఠినముగా నుండుటకు మోనజైటే ముఖ్యకారణము.

వేరుపడిన ఇల్మెనైటులో టైటానియము భస్మము చవర యిసుకలో నూటికి సుమారు 60 పాళ్లు, మణవాళక్కురిచ్చి యిసుకలో 55, ఛత్రపురపు టిసుకలో 50 చొప్పున నుండును. మిగిలినదంతయు దాదాపు ఇనుపభస్మమే. ఆ యినుమును తొలగించుట రెండవ పని. ఇందుకు రెండు త్రోవలు కలవు. ఖనిజమును బొగ్గుతో కలిపి తిరుగుడు కొలిమిలో కాల్చి, పిదప హైడ్రోక్లోరికామ్లములో నానబెట్టి ఇనుమును కడిగివేయుట ఒకటి. ఇట్లు వచ్చినదానిని కృత్రిమ రూటైలందురు. అందు భస్మము 90 పాళ్లకు మించియుండును. విద్యుత్కొలిమిలో కరిగించి, అడుగున పోతయినుమును, పైన టైటానియము గల చిట్టెమును వేరువేరుగా తీయుట రెండవది. సాధారణముగా కమ్మరి చిట్టెమును పారవేసి ఇనుము నుంచుకొనును. ఇచ్చట చిట్టెమే విలువగల వస్తువు, ఇనుము కొసరు.

ఇంతవరకు వచ్చినను ఆమ్లజని మాత్రము టైటానియమును విడువలేదు. దానిని విడిపించుటకు క్లోరిను వాయువు కావలెను. ఇటుకలు తాపడముచేసిన ఎత్తైన బురుజువంటి పాత్రలో ఈ భస్మమును, పెట్రోలియపు బొగ్గును కలిపి, సుమారు 900 లేక 1000 డిగ్రీల వేడిమి వద్ద అడుగునుండి క్లోరినును ఊదుదురు. ఆ ఊపునకు పొడియంతయు పొంగలివలె కుతకుతలాడుచుండును. ఒంటరిగా ఆమ్లజనిని లాగజాలని బొగ్గు, క్లోరిను తోడైనపుడు లాగగలదు. టైటానియము ఆమ్లజనిని విడిచి క్లోరినును పట్టుకొని ఆవిరియై పైకి లేచును. దానిని చల్లార్చినచో నీటివలె పలుచనైన ద్రవమగును. ఇదియే టైటానియము టెట్రాక్లోరైడు. తడిగాలి సోకినంతనే దట్టమైన తెల్లని పొగ క్రక్కు ఈ ద్రవమును మొదటి ప్రపంచయుద్ధమున పొగతెరలు కల్పించుటకు వాడిరి. కర్మాగారమున ఒక గొట్టపు అతుకు వదలినను ఆ పొగయే వెలువడును. పనివారి ఊపిరితిత్తులకు అది మిక్కిలి హానికరము.

ఘనమును ద్రవముగా మార్చుటలో గొప్ప లాభమొకటి కలదు. రాతిలోని మలినములను ఏరుట కష్టము. ద్రవమును బట్టిపట్టి శుద్ధిచేయుట సులువు. ఇనుముయొక్క క్లోరైడు ముందుగానే గట్టిపడి వేరగును. సిలికానుయొక్క క్లోరైడు 58 డిగ్రీల చేరువ మరగి పోవును. టైటానియపు ద్రవము మరగునది 136 డిగ్రీల వద్ద. చిక్కంతయు వెనేడియముతోనే. దాని క్లోరైడు 127 డిగ్రీల వద్ద మరగును గనుక, ఇంత చేరువలోనున్న రెండింటిని బట్టిపట్టి విడదీయుట దుర్ఘటము. అందుచేత ఖనిజతైలమునో రాగినో కలిపి వెనేడియమును మడ్డిగా మార్చి తొలగింతురు. అప్పుడు మిగులునది నిర్మలమైన, రంగులేని ద్రవము.

ఇక క్రోల్ అను మహనీయుని ప్రసక్తి. లక్సెంబర్గు అను చిన్న దేశమున 1889లో పుట్టిన విల్‌హెల్మ్ క్రోల్ 1930 తరువాతి సంవత్సరములలో తన సొంత ప్రయోగశాలలో ఈ ద్రవమునుండి లోహమును తీయుటకు పూనుకొనెను. హంటరు సోడియమును వాడియుండెను. క్రోల్ మెగ్నీషియమును వాడెను. క్లోరినుమీద మెగ్నీషియమునకు గల పట్టు టైటానియమునకు గలదానికంటె బలమైనది. జర్మను సేనలు తన దేశముపై పడిన 1940లో ఆయన అమెరికా చేరెను. అచ్చటి ప్రభుత్వమువారు ఆయన పేటెంటును శత్రువుల ఆస్తిలో జమకట్టి స్వాధీనపరచుకొనిరి! ఆయన వ్యాజ్యము నడిపి గాని హక్కు తిరిగి పొందలేదు. ఈలోగా అమెరికా గనుల శాఖవారు ఆ పద్ధతినే పెద్దయెత్తున సాగించి చూచిరి; 1948లో డ్యూపాంటు సంస్థ వ్యాపారరీతిని లోహమును తయారుచేయ నారంభించెను. నేటికిని ప్రపంచమున తయారగు టైటానియమంతయు దాదాపు క్రోల్ పద్ధతిననే తయారగుచున్నది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 2000లో వెల్లడించిన విద్యుత్పద్ధతి మొదలైనవి పుట్టినవి గాని దీనిని త్రోసివేయజాలలేదు.

ఆ పద్ధతి యిది. పెద్ద ఉక్కుబానలో గాలి యంతయు తీసివేసి, దేనితోను కలియని ఆర్గాను వాయువును నింపుదురు. అందు మెగ్నీషియమును కరిగించి, 800 మొదలు 900 డిగ్రీలవరకు వేడిమి నిలిపి, పైనుండి టైటానియపు ద్రవమును కొంచెముకొంచెముగా వదలుదురు. మెగ్నీషియము క్లోరినును లాగికొనును. విడిపడిన టైటానియము రేణువులు ఒకదాని కొకటి అంటుకొని బానలో పెరుగును. ఈ చర్యయే వేడిమిని పుట్టించును గనుక ద్రవము వదలుటలో తొందర పనికిరాదు. లోహము కరుగుటకు 1668 డిగ్రీల వేడిమి కావలెను. బానలో అంతటి వేడిమి లేదు గనుక కరిగిన ముద్దగా గాక, చిల్లులుచిల్లులుగా నుండు గట్టి స్పంజివలె ఏర్పడును. అందుచేతనే దీనికి స్పంజి టైటానియమని పేరు. కరిగిన మెగ్నీషియము క్లోరైడును అప్పుడప్పుడు అడుగునుండి తోడివేయుదురు. చిల్లులలో చిక్కుకొనియున్న దానిని, మిగిలిన మెగ్నీషియమును పోగొట్టుటకు బానను మరల సుమారు 1000 డిగ్రీలకు వేడిచేసి, లోపలి వాయువును తోడి శూన్యము కల్పింతురు. అవి ఆవిరియై వెడలిపోవును. ఒక వాయి తేలుటకు దినములు పట్టును. ఇనుము కర్మాగారమున కరిగిన లోహము వాగువలె పారును. ఇచ్చట బాన చల్లారువరకు కనిపెట్టుకొనియుండి, ముద్దను యంత్రముతో నెట్టి, కత్తిరించి, నలుగగొట్టవలెను. బానగోడల నంటిన భాగమున ఇనుము చేరియుండును గనుక దానిని విడిగా తీసి తక్కువ పనులకు వాడుదురు. మేలైన లోహము ముద్ద నడుమ నుండును.

లెక్కలు చూచినచో వెల యెందుకు హెచ్చినదో విశదమగును. ఒక కిలో టైటానియమునకు దాదాపు నాలుగు కిలోల టెట్రాక్లోరైడు, ఒక కిలో మెగ్నీషియము కావలెను. వెలువడు మెగ్నీషియము క్లోరైడు మరల నాలుగు కిలోలు. దీనిని పారవేసిన కర్మాగారము దివాలా తీయును. కావున దానిని కరిగించి విద్యుత్తుతో విడగొట్టి, మెగ్నీషియమును బానకును, క్లోరినును బురుజునకును తిరిగి పంపవలెను. ఈ చక్రము తిరుగుచున్నంతవరకు ఖర్చయినది ఖనిజము, బొగ్గు, విద్యుత్తు మాత్రమే. చక్రము తెగి మెగ్నీషియమును బయట కొనవలసి వచ్చినచో లాభము హరించిపోవును. ఇసుక విషయమో! 50 పాళ్ల ఇల్మెనైటైనను కిలో లోహమునకు తరుగుపోగా మూడుకిలోలకు పైచిలుకు చాలును. ఖర్చంతయు ఇసుకలో లేదు. ఆమ్లజనిని విడిపించి, మరల అంటనీయకుండ కాపాడుటలో నున్నది.

స్పంజి చేతికి వచ్చినను పని ముగియదు. దానిని దిమ్మెలుగా అదిమి, కావలసిన ఇతర లోహములను కలిపి, దిమ్మెలను ఒకదాని కొకటి అతికి పొడుగైన కడ్డీ చేయుదురు. ఆ కడ్డీని శూన్యమైన కొలిమిలో వ్రేలాడదీసి విద్యుజ్జ్వాల కల్పింపగా అది తానే కరిగి క్రిందనున్న మూసలోనికి జారును. ఆ మూస యిటుకది కాదు. కరిగిన టైటానియము ఇటుకలోని ఆమ్లజనిని కూడ లాగికొనగలదు. కావున వెలుపల చన్నీరు ప్రవహించుచుండు రాగిమూసను వాడుదురు. లోహమంతట ఏకరీతిగా నుండుటకు ఇట్లు రెండుమారులు, విమానపు యంత్రభాగములకైనచో మూడుమారులు కరిగింతురు. తరువాతనే సమ్మెట, తరువాతనే రేకు, కడ్డీ, గొట్టము. నూటికి 6 పాళ్లు అల్యూమినియము, 4 పాళ్లు వెనేడియము కలిసిన మిశ్రలోహము అన్నిటికంటె ప్రసిద్ధము. ఉక్కు బరువులో సగమునకు కొంచెము మించిన బరువుతో దానికి దీటైన బలము. సముద్రజలములోనున్నను త్రుప్పు లేదు. మనుష్యుని యెముకతో వైరము లేదు గనుక విరిగిన తుంటికీలునకు బదులుగా అమర్చుటకును ఇదియే తగినది. మన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు నాలుగవ అంతస్తులోని ఇంధనపు తొట్లు ఈ లోహముతో చేసినవే. 1973లో హైదరాబాదున నెలకొల్పబడిన మిశ్రధాతు నిగమమున ఈ కరగింపు, సాగగొట్టు పనులు చిరకాలముగా జరుగుచున్నవి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము అమెరికావారి తెల్లరంగు పరిశ్రమకు ముఖ్యాధారము తిరువాన్కూరు నల్లయిసుకయే. ఓడలలో ఇసుక పోవుచుండెను, డబ్బాలలో రంగు తిరిగి వచ్చుచుండెను. యుద్ధకాలమున ఓడలు నిలిచిపోవుటతో అమెరికావారు న్యూయార్కు రాష్ట్రమున తమ సొంత గనిని తెరచుకొనిరి. తిరువాన్కూరువారును 1946లో రంగు తయారుచేయుటకు టైటానియము సంస్థను స్థాపించుకొనిరి. రంగువరకు వచ్చితిమి, లోహమునకు మరి యరువదియైదు సంవత్సరములు పట్టినది. ప్రపంచమున త్రవ్వబడు ఈ ఖనిజములో నూటికి సుమారు 90 పాళ్లు నేటికిని రంగునకే పోవుచున్నది. మన గోడలమీద, కాగితములమీద, పండ్లు తోముకొను ముద్దలో కానవచ్చు తెలుపు చాలవరకు దీనిదే. లోహమగునది స్వల్పభాగము. కాని ఒక దేశపు విమానములు, నౌకలు, రాకెట్లు ఆధారపడునది ఆ స్వల్పభాగముమీదనే.

ఈ లోహమును మనవారే తీయగలరని నిరూపించినది హైదరాబాదు కంచన్‌బాగులోని రక్షణ లోహశోధనశాల. ఏండ్లతరబడి అచ్చట శాస్త్రజ్ఞులు క్రోల్ పద్ధతిని స్వయముగా సాధించిరి. ఆ విద్యతో, అంతరిక్ష శాఖవారి ధనసహాయముతో, చవరలోని కేరళ మినరల్స్ సంస్థ ఆవరణమున సంవత్సరమునకు 500 టన్నుల స్పంజి తయారుచేయు కర్మాగారము 2011లో ప్రారంభమయ్యెను. పరదేశములు అమ్మనొల్లని విద్యను మనవారు తామై సంపాదించుట సామాన్యము కాదు; తెలుగుగడ్డమీద జరిగిన కార్యము గనుక మాకు విశేషగర్వకారణము. అయినను నిజము చెప్పవలెను. 500 టన్నులు బీజము మాత్రమే, పంట కాదు. జపానువారిని చూడుడు. వారు తమ దేశమున ఈ ఖనిజమును త్రవ్వుట లేదు. సముద్రములు దాటించి తెప్పించుకొనియు ప్రపంచపు ముఖ్య ఉత్పత్తిదారులలో నొకరై యున్నారు. ఇసుకలేనివారు లోహమమ్ముచున్నారు, ఇసుకగలవారు లోహము కొనుచున్నారు!

పరాధీనత యెట్టిదో సంపన్నదేశములకును అనుభవమే. 1960 తరువాత అమెరికావారు నిర్మించిన నల్లని వేగువిమానమునకు కావలసిన టైటానియములో చాలభాగమును, దానిచే వేగు చూడదలచిన రష్యానుండియే మారుపేర్లతో కొనవలసివచ్చెను. అదే అమెరికాలో 2020లో నెవాడా రాష్ట్రపు స్పంజి కర్మాగారము మూతపడెను. 2022లో ఉక్రెయిను యుద్ధము రాగా బోయింగు సంస్థ రష్యా టైటానియము కొనుట నిలిపి ఇతరులను వెదకుకొనెను. మూసినంత సులువుగా ఇట్టి కర్మాగారమును తెరువలేము. పనివారి చేతులలోని మెలకువ చెదరినచో మరల కూర్చుటకు ఏండ్లు పట్టును.

ఇట్లనుటచే తీరమంతయు త్రవ్విపోయవలెనని మేము చెప్పుట లేదు. కేరళమున అలప్పాడు గ్రామస్థులు తమ నేల సముద్రము పాలగుచున్నదని 2018, 2019 సంవత్సరములలో చేసిన ఆందోళనము దేశమంతట వినబడెను. భీమునిపట్టణపు దారిలోని ఎర్రమట్టి దిబ్బలు వేలయేండ్ల ప్రకృతి శిల్పము, వానిని తాకరాదు. ఇసుకమేట వరద సముద్రమునకు కట్టినకట్ట వంటిది. దాని వెనుకనే జాలరుల గుడిసెలు, మంచినీటి నూతులు, జీడితోటలు ఉన్నవి. పైలెక్కనుబట్టి చూడుడు: 500 టన్నుల లోహమునకు కావలసిన ఖనిజము రెండువేల టన్నులు దాటినను ఎంతో దాటదు. తీరమును కుళ్లగించుట లోహముకొరకు కాదు. పచ్చి యిసుకను టన్నులలెక్కను అమ్ముకొనుటకొరకే. ఆ యెగుమతి 2018నుండి ప్రభుత్వసంస్థద్వారా మాత్రమే జరుగవలెనని నిర్ణయించుట మేలే. త్రవ్విన ప్రతి టన్నును ఈ దేశముననే ఎంతదూరము శుద్ధిచేసితిమని లెక్క చెప్పించుట అంతకంటె మేలు.

2024లో మన ఐ.ఆర్.ఇ.ఎల్. సంస్థ కజకస్తాను టైటానియము సంస్థతో కలసి ఒడిస్సాలో ఇల్మెనైటునుండి చిట్టెము తయారుచేయుటకు ఒప్పందము చేసికొనినది. పచ్చి యిసుకకంటె చిట్టెము ఒక మెట్టు పైది గనుక సంతోషింపవలసినదే. కాని పైన మేము వర్ణించిన మెట్లలో అది రెండవది మాత్రమే; క్లోరిను బురుజు, మెగ్నీషియపు బాన, రాగిమూస ఇంకను పైన నున్నవి. ఆ చిట్టెము రైలుమీద చవరకు పోవునా, ఓడయెక్కి పరదేశపు స్పంజియగునా అను సంగతిని కేంద్రప్రభుత్వమువారు పార్లమెంటునందు స్పష్టముగా చెప్పవలెనని మేము కోరుచున్నాము.